ఐస్ ప్రిన్సెస్: ఇద్దరు అమ్మలు, ఇద్దరు కూతుళ్ళు, మధ్యలో మంచు

ఇంటర్ చదివే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు ఒకేచోట కూర్చుని చూడదగ్గ సినిమా ఒకటి చెప్పమని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పే పేరు ఐస్ ప్రిన్సెస్. 2005 మార్చిలో వచ్చిన డిస్నీ సినిమా, దర్శకుడు టిమ్ ఫైవెల్, నిడివి వంద నిమిషాలకు అటూ ఇటూ. అమెరికాలో దీనికి జి రేటింగ్ ఇచ్చారు, అంటే చిన్నపిల్లలతో సహా ఎవరైనా చూడొచ్చు. వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, అందులోని కంప్యూటర్లు, ఫోన్లు చూస్తేనే ఆ సంగతి తెలిసిపోతుంది. కానీ అందులో తల్లీకూతుళ్ళ మధ్య జరిగే గొడవ మాత్రం ఇవాళ మా అనంతపురంలో సాయినగర్‌లోనో కోర్టు రోడ్డులోనో పదో తరగతి పిల్ల ఉన్న ఏ ఇంటికి వెళ్ళినా వినిపించేదే.

నేను ఇక్కడ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఫస్టియర్‌లో భ్రమణ గమనం పాఠానికి వచ్చిన ప్రతిసారీ ఐస్ మీద తిరిగే స్కేటర్ ఉదాహరణ చెప్పాల్సిందే. చేతులు చాపి మెల్లగా తిరుగుతున్న అమ్మాయి చేతులు ఒంటికి దగ్గరగా లాక్కుంటుంది, జడత్వ భ్రామకం (తిరగడానికి ఒళ్ళు చూపే అడ్డు) తగ్గుతుంది, కోణీయ ద్రవ్యవేగం (ఆ అడ్డునూ తిరిగే వేగాన్నీ గుణిస్తే వచ్చేది) మాత్రం మారకూడదు కాబట్టి వేగం పెరిగి గిర్రున తిరుగుతుంది. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంటారు, కానీ ఆ అమ్మాయి ఎవరు, దేని మీద తిరుగుతోంది, ఎందుకు తిరుగుతోంది అని అడిగినవాళ్ళు తక్కువ. ఏప్రిల్ వస్తే నలభై దాటే ఎండలు, దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటని చిన్నప్పటి నుంచీ విన్న ఊరు, ఇక్కడి పిల్లలకు మంచు అంటే ఫ్రిజ్‌లో ఐస్ ట్రేలో కనిపించేదే. ఆ ఉదాహరణలోని అమ్మాయికి ఒక పేరు, ఒక ఇల్లు, ఒక అమ్మ ఉంటే ఎలా ఉంటుందో ఈ సినిమా చూపిస్తుంది, నాకు ఇది అంత దగ్గరవడానికి మొదటి కారణం అదే.

కథ చెప్పేస్తాను, ముందే తెలియకూడదు అనుకునేవాళ్ళు సినిమా చూసి వచ్చి మిగతాది చదవండి.

కేసీ కార్లైల్ హైస్కూలు ఆఖరి సంవత్సరంలో ఉంది. ఫిజిక్స్‌లో దిట్ట. హార్వర్డ్ యూనివర్సిటీ స్కాలర్‌షిప్ కోసం ప్రయత్నిస్తోంది, దానికి ఒక ప్రాజెక్టు కావాలి, అదీ తన మనసుకు దగ్గరైన విషయం మీద అయితే బాగుంటుందని మాస్టారు చెప్తారు. కేసీకి చిన్నప్పటి నుంచీ ఇంటి వెనక చెరువు గడ్డకట్టినప్పుడు దాని మీద జారడం ఇష్టం. టీవీలో ఫిగర్ స్కేటింగ్ చూస్తుండగా ఆ గెంతుల వెనక ఒక లెక్క ఉందని తోస్తుంది. కెమెరా పట్టుకుని ఊళ్ళో రింక్‌కి, అంటే స్కేటింగ్ కోసం మంచు పరిచిన హాలుకి వెళ్తుంది, అక్కడ ప్రాక్టీసు చేసే అమ్మాయిలను వీడియో తీసి, కంప్యూటర్లో పెట్టి, ఎవరు ఎక్కడ పొరపాటు చేస్తున్నారో లెక్క కడుతుంది. ఆ లెక్క తన ఒంటి మీదే పరీక్షించాలని తను కూడా చిన్నపిల్లల బ్యాచ్‌లో చేరుతుంది, అక్కడి నుంచి ప్రాజెక్టు పక్కకు పోయి స్కేటింగే ముందుకు వస్తుంది.

రింక్ నడిపే కోచ్ పేరు టీనా హార్వుడ్. ఒకప్పుడు ఆమె కూడా పోటీల్లో ఆడిన స్కేటరే, అప్పటి చెడ్డపేరు ఒకటి ఉంది. ఆమె కూతురు జెన్, రింక్‌లో అందరికంటే ముందున్న అమ్మాయి. కేసీ వాళ్ళమ్మ జోన్ కాలేజీలో సాహిత్యం చెప్తుంది, ఆడవాళ్ళ హక్కుల గురించి గట్టిగా మాట్లాడే మనిషి, ఒంటరిగా కూతుర్ని పెంచింది. కూతురు చదివి పెద్ద యూనివర్సిటీకి వెళ్ళాలి, పొట్టి గౌను వేసుకుని జడ్జీల ముందు గిరగిరా తిరిగితే తెలివైన పిల్ల జీవితం వృథా అయిపోతుందని ఆమె భయం. అక్కడేమో జెన్‌కి స్కేటింగ్ అంటే విసుగు పుట్టింది, లెక్కల్లో వెనకబడిపోతోంది, నోటికి నచ్చింది తినాలని ఉంది, మామూలు పిల్లలా స్నేహితులతో తిరగాలని ఉంది. అంటే ఒక తల్లి చదువుకో అంటుంటే కూతురు ఆడతానంటుంది, ఇంకో తల్లి ఆడు అంటుంటే కూతురు వదిలేస్తానంటుంది.

ఈ అమరిక చూసే నేను లేచి కూర్చున్నాను. మనం చూసే ఇలాంటి సినిమాల్లో చదువు అంటే జైలు, ఆట అంటే స్వేచ్ఛ. అడ్డుపడే తల్లి లేదా తండ్రి చెడ్డవాళ్ళు, ఆఖర్లో కప్పు చూసి కన్నీళ్ళు పెట్టుకుని మారిపోతారు. ఈ సినిమా రాసినవాళ్ళు ఆ తేలిక దారి పట్టలేదు. కేసీకి స్కేటింగ్ స్వేచ్ఛ, జెన్‌కి అదే స్కేటింగ్ సంకెల. తప్పంతా చదువుది కాదు, ఆటది కాదు, పిల్లకు ఏం కావాలో తల్లే ముందుగా నిర్ణయించుకోవడంలో ఉందని ఒక్క డైలాగ్‌లో కూడా ఉపన్యాసం దంచకుండా రెండు ఇళ్ళు పక్కపక్కన పెట్టి చూపించారు. మా అమ్మాయి సినిమా మధ్యలోనే, "అమ్మా, ఆ ఇద్దరూ ఇళ్ళు మార్చుకుంటే సరిపోతుంది కదా" అంది. సరిపోదు, ఎందుకు సరిపోదో రెండో సగం చెప్తుంది.

ముందు ఫిజిక్స్ సంగతి. సినిమాలో ఫార్ములాలు తెర మీద తేలుతూ కనిపిస్తాయి, కేసీ ఏదో లెక్క చెప్పగానే అవతలి అమ్మాయికి అంతవరకు రాని గెంతు వచ్చేస్తుంది. ఇది మరీ తేలిక చేసేయడం. వీడియో చూసి తప్పు పట్టుకోవడం నిజంగానే కోచ్‌లు చేసే పని, అందులో అబద్ధం లేదు, కానీ తప్పు తెలియడానికీ ఒంటికి అది అలవాటవడానికీ మధ్య నెలలు, ఏళ్ళు పడతాయి. ఒక చిన్న లెక్క చూడండి. ఒక మనిషి అర మీటరు ఎత్తు ఎగిరితే గాల్లో ఉండే సమయం పైకీ కిందికీ కలిపి దాదాపు 0.64 సెకను. ఆ సమయంలో మూడు చుట్లు పూర్తి కావాలంటే సెకనుకు నాలుగున్నర చుట్ల పైనే తిరగాలి. కొంత మలుపు మంచు వదలకముందే తిరిగేస్తారు, దిగాక కూడా కొంత ఉంటుంది, అయినా సరే ఎంత బిగువుగా ఒళ్ళు దగ్గరకు లాక్కోవాలో ఆలోచించండి. ఆ వేగంతో దిగడం ఒక్క కాలి మీద, వెనక్కి జారుతూ, బ్లేడు బయటి అంచు మీద. హైస్కూలు ఆఖరి ఏడాదిలో మొదలుపెట్టిన అమ్మాయి ఒక్క సీజన్‌లో ఆ స్థాయికి రావడం జరిగే పని కాదు. ఈ ఆటలో పెద్ద పోటీలకు వెళ్ళేవాళ్ళు చాలామంది నాలుగైదేళ్ళ వయసులోనే మంచు ఎక్కుతారు. ఇంటి దగ్గర చెరువు మీద జారిన అలవాటు ఉందని సినిమా ఒక సాకు పెట్టుకుంది గానీ, అది చాలదు.

అయినా ఫిజిక్స్ టీచర్‌గా నాకు ఇది ఉపయోగపడే సినిమా. చేతులు దగ్గరకు లాక్కున్నప్పుడు కోణీయ ద్రవ్యవేగం మారదు, సరే, కానీ గతిజశక్తి పెరుగుతుంది, ఆ పెరిగిన శక్తి ఎక్కడి నుంచి వచ్చిందని క్లాసులో అడిగితే బాగా చదివే పిల్లలు కూడా ఆగిపోతారు. స్కేటర్ కండరాలు పని చేసి చేతులను లోపలికి లాగాయి, శక్తి అక్కడి నుంచి వచ్చింది. కేసీగా వేసిన మిషెల్ ట్రాక్టెన్‌బర్గ్ మొహంలో ఆ బిగువు కనిపించే షాట్ ఒకటి చూపించి ఇది చెప్తే ఇంక మర్చిపోరు. రింక్‌లో మంచు చదును చేసే బండి కూడా సినిమాలో ఉంది, దాన్ని జాంబోనీ అంటారు, ఫ్రాంక్ జాంబోనీ అనే ఆయన 1949లో కాలిఫోర్నియాలో తయారుచేశాడు. అది పైపొర గీకేసి, కడిగి, పలచగా నీళ్ళు పరిచి పోతుంది. ఆ పరిచేవి వేడినీళ్ళు! వేడినీళ్ళు పైపొరను కాస్త కరిగించి దానితో కలిసి గడ్డకడతాయి కాబట్టి గీతలు పూడిపోయి నున్నగా వస్తుంది. మా క్లాసులో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీలో కూడా చేతులు లేచాయి.

గెంతుల పేర్లు కూడా తెలుసుకుని చూస్తే బాగుంటుంది. ఆక్సెల్ అనేది నార్వేకు చెందిన ఆక్సెల్ పాల్సెన్ పేరు మీద వచ్చింది, 1882 నాటిది, ముందుకు చూస్తూ ఎగిరే గెంతు ఇదొక్కటే, దిగేది మాత్రం వెనక్కే, అందుకే మిగతా వాటికంటే అర చుట్టు ఎక్కువ. సాల్‌కో అనేది స్వీడన్ స్కేటర్ ఉల్‌రిక్ సాల్‌కో పేరు మీదిది. మా ఇంట్లో ఈ రెండూ చెప్పాక అందరూ ఎగిరేటప్పుడు ఎటు చూస్తున్నారు, దిగేటప్పుడు ఎటు జారుతున్నారు అని పట్టించుకుని చూశారు, లేకపోతే కొత్తవాళ్ళకు అన్ని గెంతులూ ఒకేలా కనిపిస్తాయి.

ఇప్పుడు నాకు బాగా గుచ్చుకున్న భాగం. పోటీ దగ్గర పడుతుంది, కేసీ బాగా చేస్తోంది, జెన్ కంటే మెరుగవుతోందని టీనాకు అర్థమవుతుంది. అప్పుడు ఆమె కేసీకి కొత్త స్కేట్ బూట్లు కొనిస్తుంది. ఖరీదైనవి, మెరుస్తుంటాయి. పాపం ఆ పిల్ల ఇంతవరకూ పాత బూట్లతో నెట్టుకొచ్చింది, ఫీజు కోసం రింక్‌లోనే తినుబండారాల కౌంటర్లో పని చేస్తోంది, కాబట్టి ఆ బహుమతి చూసి ఉబ్బితబ్బిబ్బవుతుంది. కొత్త చెప్పులు కరిచినట్టు స్కేట్ బూట్లు కూడా కరుస్తాయి, కాకపోతే వీటి తోలు చెక్కలా గట్టిగా ఉంటుంది, మడమ కదలకుండా పట్టి ఉంచడానికే అలా చేస్తారు, అది పాదానికి అలవాటయ్యే వరకు ప్రాక్టీసులో తొడిగి మెత్తబరచుకోవాలి. పోటీ రోజున నేరుగా తొడుక్కుంటే పాదాలు పుండవుతాయి. ఆ విషయం టీనాకు తెలుసు. కేసీకి తెలియదు. మంచు మీద ఆ పిల్ల నొప్పి ఓర్చుకుంటూ ఎందుకు పడిపోతోందో తనకే తెలియక తిరుగుతుంటే చూడడం కష్టమైంది నాకు.

పిల్లల సినిమాలో విలన్ ఏదో తాడు కోస్తాడు, గదిలో పెట్టి తాళం వేస్తాడు. ఇక్కడ జరిగింది ఒక బహుమతి ఇవ్వడం. పెద్దవాళ్ళు పిల్లలకు చేసే అన్యాయం చాలాసార్లు బహుమతి రూపంలోనే వస్తుందని ఇంత మామూలు డిస్నీ సినిమా ఇంత కచ్చితంగా పట్టుకుంటుందని నేను అనుకోలేదు. టీనా అది తన కోసం చేయలేదు, కూతురు గెలవాలని చేసింది. ఆ కూతురికేమో ఆ గెలుపు వద్దు. నిజం బయటపడ్డాక జెన్ తల్లి మొహం మీదే ఇక ఆడనని చెప్పేస్తుంది, ఆ సీన్‌లో జెన్‌గా వేసిన హేడెన్ పనెటీర్ అరవదు, ఏళ్ళ తరబడి అలసిపోయిన మనిషిలా మాట్లాడుతుంది. అప్పటిదాకా ఆ అమ్మాయిని పొగరుబోతు అనుకున్న మా అత్తమ్మ, "ఆ బిడ్డకు ఆకలయితాంది, దాన్ని పట్టించుకునేవాళ్ళే లేరు" అంది. అంతకంటే బాగా జెన్ పాత్ర గురించి చెప్పడం నాకు చేతకాదు.

రెండో తల్లి దగ్గరకు వస్తాను, ఎందుకంటే నాలాంటివాళ్ళు ఎక్కువగా జోన్ వైపే ఉంటాం. కేసీ హార్వర్డ్ స్కాలర్‌షిప్ వదులుకుంటుంది. నేను ఆ సీన్ దగ్గర నిజంగా టెన్షన్ పడ్డాను, వద్దమ్మా అనేశాను పైకే. పల్లె నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చి చదువుకుని, స్కాలర్‌షిప్ డబ్బులు పడితే తప్ప పై చదువు లేని పిల్లలను రోజూ చూసేదాన్ని నేను. చదువు ఎంత పెద్ద తలుపో జోన్‌కు తెలుసు, నాకూ తెలుసు. ఆ తలుపు తన చేతులతో మూసేసే పిల్లను చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. ఆ తల్లిగా వేసిన నటి జోన్ కుసాక్ ఆ చోట కోపం కంటే ఎక్కువగా దెబ్బతిన్న మొహం చూపిస్తుంది, ఆమె కష్టపడి నిలబెట్టిన విలువలన్నీ కూతురు ఒక గౌను కోసం వదిలేసిందని ఆమెకు అనిపిస్తుంది. సినిమా ఆమెను నవ్వులపాలు చేయదు. ఆమె భయానికి ఆధారం ఉందని ఒప్పుకుంటుంది. ఈ ఆటలో పదిహేను, పదహారేళ్ళకు శిఖరానికి చేరి ఇరవై దాటకముందే మోకాళ్ళు, నడుము పాడైపోయినవాళ్ళు ఎంతమందో. తల్లి అడిగే ప్రశ్న తప్పు కాదు: ఇది అయిపోయాక నువ్వేం చేస్తావు?

అసలు నాకు ఆ మాట మీదే సినిమాతో గొడవ. ఆ ప్రశ్నకు కేసీ జవాబు చెప్పాలి, ఎక్కడో ఒక సీన్‌లో తల్లీ కూతురూ కూర్చుని మాట్లాడుకోవాలి. దానికి బదులు తల్లి ఆఖరి పోటీకి వచ్చి చూస్తుంది, చూసి కరిగిపోతుంది. కేసీ మంచు మీద ఎంత అందంగా ఉందో చూడగానే ఇన్నాళ్ళ వాదన ఎగిరిపోవడం నాకు నచ్చలేదు. ఒకవేళ ఆ రోజు పిల్ల బాగా చేయకపోయి ఉంటే తల్లి భయం సరైనదయ్యేదా? పిల్లకు ఆ ఇష్టం ఉండే హక్కు, ఆ ఇష్టంలో నెగ్గినా ఓడినా ఉండాలి. దీన్ని కొంతవరకు సర్దింది మాత్రం ఆఖరి ఫలితమే: కేసీకి మొదటి స్థానం రాదు. ఒక గెంతు దగ్గర పడిపోతుంది, లేస్తుంది, మిగతాది మనసు పెట్టి పూర్తి చేస్తుంది, రెండో స్థానంలో నిలుస్తుంది. గెలిచేది నిక్కీ, అందరికంటే చిన్నది, గాల్లో బంతిలా తిరిగే పిల్ల. హీరోయిన్‌ను రెండో స్థానంలో నిలబెట్టి నవ్వించిన సినిమాకు నేను చాలా మార్కులు వేస్తాను. చివర్లో జోన్, టీనా ఇద్దరూ కేసీ భవిష్యత్తు గురించి పోట్లాడుకుంటూ ఉంటారు, కాలేజీ ఎప్పుడు, ప్రాక్టీసు ఎప్పుడు అని. ఆ పోట్లాట ఆగదని అర్థమవుతుంది, ఎవరూ ఎవర్నీ పూర్తిగా ఓడించలేదు.

నిక్కీగా వేసిన కర్స్టెన్ ఓల్సన్, రింక్‌లో ఇంకో అమ్మాయి జోయీగా వేసిన జూలియానా కానరోజో నిజంగా పోటీల్లో ఆడిన స్కేటర్లే. వాళ్ళు తిరిగేటప్పుడు కెమెరా మొహం నుంచి కాళ్ళ వరకు ఒకే షాట్‌లో చూపిస్తుంది, కట్ ఉండదు. కేసీ విషయంలో మాత్రం పెద్ద గెంతులు దూరం నుంచి, వెనక నుంచి తీశారు, డూప్‌లు ఉన్నారని తెలుస్తుంది. కానీ మిషెల్ ట్రాక్టెన్‌బర్గ్ నెలల తరబడి నేర్చుకుందని ఆమె జారే తీరులోనే తెలుస్తుంది, మామూలుగా తిరిగే, అంచు మీద వంగే షాట్లు ఆమెవే. ఆమె 2025 ఫిబ్రవరిలో 39 ఏళ్ళకే చనిపోయింది. ఆ కబురు విన్నాక ఈ సినిమా మళ్ళీ చూసినవాళ్ళకు, మొదటిసారి రింక్ మెట్లు దిగి కెమెరా పట్టుకుని బిడియంగా నిలబడిన ఆ కళ్ళ దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. నటనలో గొప్ప గొప్ప విద్యలేమీ లేవు, తెలివైన పిల్ల తన తెలివి వల్ల కాకుండా ఒంటి వల్ల సంతోషపడడం మొదటిసారి కనిపెట్టినప్పటి ఆశ్చర్యం ఆమె మొహంలో ఉంది, అది చాలు ఈ పాత్రకు.

టీవీ కామెంటేటర్లుగా కనిపించే ఇద్దరిని గుర్తుపట్టండి. ఒకరు మిషెల్ క్వాన్, అయిదుసార్లు ప్రపంచ చాంపియన్, 1998లో ఒలింపిక్ రజతం, 2002లో కాంస్యం గెలిచింది, ఒలింపిక్ బంగారం మాత్రం ఆమెకు ఎప్పుడూ రాలేదు. రెండో ఆయన బ్రయాన్ బోయిటానో, 1988 కాల్గరీ ఒలింపిక్స్ స్వర్ణ విజేత.

పాటలు వరసగా వచ్చిపడుతుంటాయి, రెండు మూడు చోట్ల సీన్‌కి బదులు పాట పెట్టి దాటేశారు. ప్రేమ కూడా ఉంది, జాంబోనీ నడిపే టెడ్డీ, టీనా కొడుకే, మర్యాదస్తుడు, కథకు అతని వల్ల పెద్దగా లాభం లేదు, నష్టమూ లేదు. పెద్దవాళ్ళ పక్కన కూర్చుని చూడడానికి ఇబ్బంది పడాల్సింది ఏదీ లేదు.

మన ఊరికి దీనితో ఏం సంబంధం అని అడిగితే, చాలా ఉంది. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్ ఉంది. 2010లో రఫెల్ నాదల్ వచ్చి తన ఫౌండేషన్ తరఫున అక్కడ టెన్నిస్ స్కూలు మొదలుపెట్టాడు. ఆ గ్రౌండుల్లో ఆడి పెరిగిన బారెడ్డి అనూష 2023లో భారత మహిళల క్రికెట్ జట్టుతో బంగ్లాదేశ్ వెళ్ళింది. పక్కన కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన శ్రీచరణి 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో బౌలింగ్ చేసింది. అంటే పొద్దున్నే లేచి గ్రౌండుకు పోయే ఆడపిల్లలు ఇక్కడ కొత్త కాదు. మరి వాళ్ళు పదో తరగతి పాసవగానే ఏమవుతారు? చాలామంది ఏదో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేరతారు, అక్కడ పొద్దున్న స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, గ్రౌండ్ అనేది బ్రోచర్‌లో బొమ్మ. రెండేళ్ళ తర్వాత ర్యాంకు వచ్చినా రాకపోయినా ఆ కాళ్ళకు పాత పరుగు మళ్ళీ రాదు. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో మోకాలి మీద పాత ఖోఖో దెబ్బల మచ్చలతో ఉన్నవాళ్ళు ఉంటారు, ఇప్పుడు ఆడుతున్నావా అంటే తల అడ్డంగా ఊపుతారు. వాళ్ళ అమ్మానాన్నలు చెడ్డవాళ్ళు కాదు, అప్పు చేసి ఫీజు కట్టినవాళ్ళు, జోన్ లాగే భయపడేవాళ్ళు. ఆ ఇళ్ళల్లో ఈ సినిమా వేయాలని నాకు ఉంది.

ఇంకోవైపు టీనాలూ ఉన్నారు మనకు. కొడుకో కూతురో జిల్లా జట్టుకు ఎంపిక కావాలని తెల్లవారుజామున లేపి గ్రౌండు చుట్టూ తిప్పి, ఓడిపోయి వస్తే అందరి ముందే బండి మీద కూర్చోబెట్టుకుని తిట్టుకుంటూ తీసుకెళ్ళే తండ్రులను నేను స్టేడియం గేటు దగ్గర చూశాను. ఆట అంటే ఇష్టం ఉన్న పిల్లే అయినా ఆ తిట్లకు ఇష్టం చచ్చిపోతుంది. వాళ్ళూ చూడాలి దీన్ని, ముఖ్యంగా జెన్ స్కేట్లు వదిలేశాక ఆమె మొహం ఎంత తేలికపడిందో చూడాలి.

ఇది చూశాక పిల్లలు స్కేటింగ్ నేర్చుకుంటామంటారు, సిద్ధంగా ఉండండి. మంచు రింక్ మా అనంతపురంలో లేదు, సిమ్లాలో 1920 నుంచి ఉన్న రింక్ చలికాలంలో సహజంగా గడ్డకట్టే మంచు మీద నడుస్తుంది, అంత దూరం వెళ్ళడం అందరికీ కుదరదు. కానీ ఇవే గిరికీలు, ఇవే గెంతులు చక్రాల స్కేట్ల మీద కూడా ఉన్నాయి. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ ఫిగర్ స్కేటింగ్‌లోనే కాంస్యం గెలిచాడు. సిమెంటు నేల, మంచి హెల్మెట్, మోకాలికీ మోచేతికీ ప్యాడ్లు, నేర్పే మనిషి దగ్గర ఓపిక ఉంటే చాలు. బూట్లు మాత్రం పోటీకి చాలా ముందే కొని తొడిగించండి, సినిమా చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

మేం ఇంగ్లీషులోనే, కింద సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూశాం. మాటలు తేలికైనవే, తొమ్మిది, పదో తరగతి పిల్లలకు సబ్‌టైటిల్స్‌తో బాగానే అర్థమవుతుంది, పెద్దవాళ్ళకు పక్కన కూర్చుని ఎవరైనా చెప్తుంటే చాలు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు మధ్యలో కాస్త విసుగు వస్తుంది, తల్లుల వాదనలు వాళ్ళకు పట్టవు, వాళ్ళను స్కేటింగ్ సీన్ల కోసం కూర్చోబెట్టొచ్చు. అయిదులో నేను మూడున్నర ఇస్తాను, ఆ అర మార్కు పూర్తిగా బూట్ల సీన్‌కే. జోన్ మారడం తొందరగా అయిపోకుండా ఉంటే నాలుగు ఇచ్చేదాన్ని.

మా ఇంట్లో తేలనిది ఒక్కటి మిగిలింది. అంత పని చేసిన టీనానే చివరికి కేసీ తనకు కోచ్‌గా పెట్టుకుంటుంది. మా అత్తమ్మకు ఇది అసలు మింగుడు పడలేదు, "కాళ్ళు పుండ్లు చేసిన యమ్మ దగ్గర్నే మళ్ళీ ఎట్ల నేర్చుకుంటాది, ఊర్లో ఇంక కోచ్‌లే లేరా?" అని ఆమె వాదన. ఆ ఊళ్ళో అంత తెలిసిన కోచ్ ఇంకొకరు లేరు, తప్పు తెలుసుకున్న మనిషి దగ్గర నేర్చుకుంటే తప్పేంటని మా ఆయన. నేను అత్తమ్మ వైపు. క్షమించొచ్చు, కానీ పాదాలు మళ్ళీ ఆమె చేతికి ఇవ్వాలంటే ఆమె ఇంకొంచెం సంపాదించుకోవాలి ఆ నమ్మకం, సినిమా ఆమెకు అది చవగ్గా ఇచ్చేసింది. మా అమ్మాయి మాత్రం టీనా కోచ్‌గా ఉన్నప్పుడు మంచిది, అమ్మగా ఉన్నప్పుడే చెడ్డది అంటోంది. మీరు చూసి, మీ ఇంట్లో ఎవరు ఎటువైపు ఉన్నారో కింద రాయండి.